ఏడుపు లేవని ఇల్లు

పంచాయితీ మెంబరయ్యాక గంగాభవాని మొట్టమొదట నేర్చుకున్న విద్య, మీటింగులో ఆఖరుదాకా కూర్చోవడం. ఛత్తీస్‌గఢ్‌లో ఆరంగ్ రోడ్డు మీది సెమరడీహ్ ఊళ్లో ఆడవాళ్లకి కేటాయించిన వార్డు ఆమెది. మొదటి ఏడాది ఆమె పేరు పిలిస్తే మొగుడు కోటయ్య లేచి మాట్లాడేవాడు. రెండో ఏడు కోటయ్యని అన్నం వార్చమని ఇంట్లో కూర్చోబెట్టి తనే వెళ్లింది. హిందీ సగం, ఛత్తీస్‌గఢీ సగం, రెండూ అందనిచోట చేతులు తిప్పడం. సర్పంచి బిసాహూ పెద్దవాడు, నెమ్మదస్తుడు. "మాట్లాడు నోనీ, తప్పులు పోతే పోనీ" అనేవాడు. నోనీ అంటే అక్కడివాళ్లు కూతుర్ని పిలిచే పిలుపు. ఆ ఒక్క పిలుపు కోసం భవాని ఎన్ని మీటింగులకైనా వెళ్లేది.

ఎందుకంటే ఊరి చివర, రైసు మిల్లు వెనక ఉన్న తెలుగువాళ్ల బస్తీని ఎవరూ అంత ప్రేమగా పిలిచి ఎరగరు. టెక్కలి, పలాస వైపు నుంచి ఉప్పుడు బియ్యం పనికి వచ్చి పడినవాళ్లు. ఒక తరం పుట్టి పెరిగి పెళ్లిళ్లు చేసుకున్నా, ఊరికి వాళ్లింకా 'ఆంధ్రావాలే'. బోరింగు పాడైతే బాగుచేసే వరసలో ఆఖరు, ఏదన్నా పోతే వెతికే వరసలో మొదలు.

ఆ బస్తీ తన వెంట తెచ్చుకున్న ఆస్తి ఒక్కటే, ఎర్రమ్మ తల్లి. మిల్లు గోడ పక్కన ఓ రాయి, దాని మీద పసుపు. మాఘమాసంలో ఆమెకి సంబరం. భవాని అత్తగారు నాంచారమ్మ ఘటం ఎత్తుతుంది. పాపయ్య ముందు డప్పు కొడుతూ నడుస్తాడు. ఘటం ప్రతి గడప ముందూ ఆగుతుంది. ఆ ఇంటి ఇల్లాలు వచ్చి నాంచారమ్మ కాళ్ల మీద పసుపు నీళ్లు పోసి వంగితే, ఆమె నుదుట బొట్టు పెట్టి ముందుకు కదులుతుంది. ఇల్లాలు రాకపోతే ఘటం అక్కడే నిలబడిపోతుంది. ఘటం తల మీద ఉన్నంతసేపూ నాంచారమ్మ నోరు విప్పదు. మిగతా ఏడాదంతా ఆ బాకీ తీర్చుకుంటుందని కోటయ్య అనేవాడు.

సంబరం ఏనాడన్నది కూడా నాంచారమ్మే చెప్పాలి. పొద్దున్నే బస్తీ అంతా ఓ చుట్టు చుట్టి, ఎవరింటా మైల లేదని చూసుకుని, "ఎల్లుండి" అనేది. చావు మైల ఉంటే అది తీరేదాకా అమ్మవారైనా ఆగాల్సిందే. మైల ఉన్న బస్తీలో డప్పు మోగదు, ఘటం లేవదు.

ఎల్లుండి అంటే ఎవడికి కుదురుతుంది? కుర్రాళ్లంతా రాయపూర్‌లో పండరీ బట్టల కొట్లలో మూటలు మోయడానికి పోతున్నారు. ముందే చెప్పకపోతే సెలవు దొరకదు. నిరుడు ఘటం వెనక నడిచింది నలుగురు ముసలమ్మలూ ఓ కుక్కా. పాపయ్య డప్పు కొడుతూ మధ్యమధ్య ఆగి దగ్గుకున్నాడు. ఏళ్ల తరబడి పీల్చిన ఊక దుమ్ము అతని గుండెల్లో మేట వేసింది. ఆ రోజే భవానికి భయం పట్టుకుంది. ఇంకో రెండేళ్లు పోతే అత్త ఉండదు, పాపయ్య మావ ఉండడు, రాయి మాత్రం ఉంటుంది. సంబరం లేని బస్తీ ఇక మిల్లువాళ్ల పాకలే తప్ప మరేమీ కాదు.

అందుకే మీటింగులో అడిగింది. "మా అమ్మవారి పండగ మనందరి పండగ చేయండి, సర్పంచి గారూ."

బిసాహూ మీసం దువ్వుకుంటూ చాలాసేపు ఆలోచించాడు. తొందరపడి ఊ కొట్టేరకం కాదు. "పంచాయితీ చెయ్యి పట్టుకుంటే ఎంత చిన్న పండగైనా మడయీ అవుతుంది నోనీ" అన్నాడు. మడయీ అంటే వాళ్ల తిరనాళ్లు. "మిల్లు వెనక మిట్ట చదును చేయిద్దాం. నీళ్ల ట్యాంకరు పెడదాం. రౌత్ నాచ్ వాళ్లని పిలుద్దాం. చుట్టుపక్కల పంచాయితీలకి నేనే వెళ్లి చెప్తాను. కానీ రోజు ముందే కట్టాలి. పున్నమికి రాజిమ్ మేళాకి పోయే దుకాణాలవాళ్లు ఈ దారినే పోతారు. దశమినాడు పెట్టుకుంటే ఒక్కరోజు మన దగ్గర ఆగుతారు. మొదటి ఏడు నిలబెడితే రెండో ఏడు వాళ్లే అడుగుతారు."

ఎంత తెలివైన మాట! భవానికి ఆయన కాళ్ల మీద పడాలనిపించింది. అప్పుడే ఓ మెంబరు గోడకి చేరగిలబడి అడిగాడు. "ఆంధ్రావాళ్లు ఎవరన్నా చస్తే పండగ ఆపేస్తారటగా? ఐదూళ్లని పిలిచి ఆ రోజు ఆపితే మన మొహాలు ఎక్కడ పెట్టుకోవాలి?"

"ఆగదు" అంది భవాని. "నాది జిమ్మేదారీ, పూచీ నాదే."

నోరు జారితే తీసుకోగలమా? అప్పటికి ఆమెకది నోరు జారినట్టు తోచలేదు, గట్టిగా మాట్లాడినట్టు తోచింది.

బస్తీలో ఆ కబురు చెప్పిన సాయంత్రం నాంచారమ్మ చేటలో బియ్యం అలాగే వదిలేసి లేచింది. "ఒలే, అమ్మోరి రోజు కాయితం మీద ఏస్తారేటే? నెల ముందే? ఈలోపల ఏటవుద్దో నీకేటి ఎరిక?"

పాపయ్య మాత్రం పగలబడి నవ్వాడు, నవ్వు దగ్గులోకి తిరిగి కళ్లు నీళ్లు తిరిగేదాకా. "ఒదినా, నువ్వూరుకో. బవానీ, నువ్వో పని సెయ్యే. సచ్చీవోలకి కూడా మీ పంచాయితీ సేత నోటీసు ఇప్పించీ. పలానా దశిమి నాడు బంద్, ఎవులూ సావకూడదు అని!"

అందరూ నవ్వారు. పాపయ్య భార్య పార్వతమ్మ ఒక్కతే, "ఆ మాటలేటి, దీపాలెట్టీ యేళ" అని కసిరింది. ఆమెకి పిల్లల్లేరు. దగ్గే మొగుడూ, ఆ మొగుడు ఎండు గడ్డి మంట మీద కాచి బిగించుకునే డప్పూ, అవే ఆమె సంసారం. పాపయ్య కళ్లు తుడుచుకుని, "ఐదూర్ల జనం ముందు కొడతాను కదేటి, సూడు, దుమ్ము లేపీస్తాను" అన్నాడు. ఆ మాటకే నాంచారమ్మ మెత్తబడి ఒప్పుకుంది.

ఆ నెలంతా భవానికి తిండి లేదు, నిద్ర లేదు. పంచాయితీ నిజంగానే మాట నిలబెట్టుకుంది. మిట్ట చదునైంది. బోరింగు, అన్నేళ్లకి, ఒక్కరోజులో బాగైంది. ఊళ్లో ఆడవాళ్లు అమ్మవారికి ఏ రంగు గాజులు పెట్టాలని బస్తీ ఆడవాళ్లని అడగడం మొదలుపెట్టారు. బ్లాకు ఆఫీసరు వచ్చి చూస్తాడనీ, నచ్చితే ఆ మైదానానికి దీపాలు వేయిస్తాడనీ బిసాహూ చెప్పాడు. పాపయ్య మాత్రం నానాటికీ పీక్కుపోతూ, మంచం మీదే కూర్చుని డప్పు చర్మం మీద వేళ్లు ఆడించుకుంటూ ఉండేవాడు.

దశమినాడు తెలతెలవారుతుండగా పెరటి తలుపు చప్పుడైంది. భవాని తీస్తే పార్వతమ్మ. పండగకని ముందురోజే తలంటుకుంది, జుట్టు ఇంకా విరబోసుకునే ఉంది.

"అమ్మీ, మీ మావ లెగటం లేదే" అంది.

భవాని పరుగెత్తింది. పాపయ్య గోడకేసి తిరిగి పడుకుని ఉన్నాడు. చెయ్యి ముట్టుకుంటే చల్లగా తగిలింది. పార్వతమ్మ గుమ్మంలో నిలబడి భవాని మొహమే చూస్తోంది. ఆ మొహంలో ఏముందో చదువుకుంది. ఆమె ఛాతీ పైకి లేచింది, నోరు తెరుచుకుంది.

భవాని ఒక్క అంగలో వెళ్లి ఆ నోరు మూసింది.

ఎందుకలా చేసిందో తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా ఆమెకి ఒకటే కారణం కనిపించేది. గురునాథం. కొన్నేళ్ల కింద బస్తీవాడే గురునాథం ఒడిశాలో వంతెన పనికి పోయి, సంబరానికి రెండ్రోజుల ముందు అక్కడే చచ్చిపోయాడు. కబురు సంబరమైన మర్నాడు వచ్చింది. మైలలో ఘటం ఎత్తామని బస్తీ అంతా వణికిపోతే, నాంచారమ్మే తీర్పు చెప్పింది. "సావు పోయినోడిది. మైల ఉన్నోలది. ఇంట్లో ఏడుపు లెగిసిన కాడ్నుంచే మైల లెక్క. ఏడుపు లెగనేదు, సంబరం సెడనేదు." ఆ మాట ఆనాడు అందరి ప్రాణాలూ కుదుటపరిచింది. ఇప్పుడు అదే మాట భవాని చేతిలోకి కత్తిలా వచ్చింది.

"పార్వతత్తా, నీ కాళ్లట్టుకుంటాను" అంది, నిజంగానే పట్టుకుంటూ. "ఏడవొద్దు. పొద్దుగూకీదాకా. ఐదూర్లోలు బయల్దేరిపోనారు. దుకాణాలు దిగిపోనాయి. ఇప్పుడు ఆపేస్తే మరింక జన్మలో మన బస్తీని నమ్మరు. పంచాయితీకి మాటిచ్చినాను. నువ్వేడవకపోతే మైల లేదు. అత్తే సెప్పింది కదా, గురునాథం అప్పుడు. సాయంత్రం ఘటం దింపీగానే నానే వొచ్చి సెప్తాను."

పార్వతమ్మ ఆమెకేసి అలాగే చూసింది. ఆ చూపులో కోపం లేదు, అసలేమీ లేదు. కాసేపటికి చీర చెంగు ఉండచుట్టి నోట్లో పెట్టుకుని, వెళ్లి మొగుడి కాళ్ల దగ్గర కూర్చుంది. ఔనని తల ఊపిందో లేదో కూడా భవాని చూడలేదు. చూడకుండానే తలుపు దగ్గరగా వేసి బయటపడింది.

పాపయ్య ఏడని అడిగినవాళ్లకి జ్వరమని చెప్పింది. భవాని భయపడినంతా ఆ ప్రశ్నకే. పాపయ్య డప్పు లేనిదే ఘటం లేవదు కదా అని ఎవరైనా పట్టుబడితే ఏం చెయ్యాలి? ఎవరూ పట్టుబట్టలేదు. పంచాయితీ పిలిపించిన గాడాబాజా వాళ్లు వచ్చి ఉన్నారు. వాళ్ల డోళ్లూ సన్నాయిలూ ఒక్కసారి అందుకునేసరికి మిల్లు రేకులు అదిరాయి. ఒక్క నాంచారమ్మ మాత్రం ఘటం ఎత్తుకునే ముందు, "పాపడు లేకండానా?" అని చుట్టూ చూసింది. "జొరం అత్తా, లెగలేడు" అంది భవాని. ఘటం తల మీదికి ఎక్కింది. నాంచారమ్మ నోరు మూసుకుంది.

సంబరమంటే అదీ. రంగుల పాగాలు కట్టి, గవ్వల దండలు వేసుకుని, కర్రలు పైకెత్తి రౌత్‌లు ఆడుతుంటే దారి కనపడలేదు. మిఠాయి దుకాణాలు, గాజుల దుకాణాలు, చక్రాల ఉయ్యాల. పండరీ నుంచి కుర్రాళ్లందరూ దిగారు. ఊరి ఆడవాళ్లు మొదటిసారి ఆ రాతికి కొబ్బరికాయ కొట్టారు. పొద్దెక్కాక బ్లాకు ఆఫీసరు వచ్చాడు. ఈ పండగ తెచ్చింది మా నోనీ అని బిసాహూ ఆమెని ముందుకు తోశాడు. ఎన్నేళ్లుగానో కోరుకుంటున్నదంతా కళ్లముందు ఉంటే, భవాని ఒక్క మెతుకు మింగలేక, ఒక్క మాట వినలేక, ఘటం ఏ ఇంటిదాకా వచ్చిందో అని తొంగిచూస్తూ నిలబడింది.

ఘటం పార్వతమ్మ గడప ముందు ఆగింది. తలుపు మూసే ఉంది.

డోళ్లు మోగుతున్నాయి. నాంచారమ్మ కదలదు. వెనక జనం ఒకరి మీద ఒకరు పడుతున్నారు. తలుపు తియ్యకు తల్లీ అనుకుంది భవాని, తియ్యి అనుకుంది, ఏది అనుకోవాలో తెలియలేదు.

తలుపు తెరుచుకుంది. పార్వతమ్మ ఇత్తడి చెంబుతో పసుపు నీళ్లు పట్టుకుని వచ్చింది. జుట్టు ముడేసుకుంది. వెనకాల తలుపు మళ్లీ జాగ్రత్తగా దగ్గరకి లాగింది. నాంచారమ్మ పాదాల మీద నీళ్లు పోసింది, ఒక్క బొట్టు పక్కకి పోకుండా. వంగి, లేచి, నుదురు ఇచ్చింది.

నాంచారమ్మ వేలు కుంకుమతో ఆ నుదుటి మీద ఆనింది. ఆనినది తియ్యలేదు. ఇద్దరు ముసలమ్మలూ అరచేయంత దూరంలో ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుంటున్నారు. ఘటం కింద నాంచారమ్మ పెదాలు వణకడం భవానికి స్పష్టంగా కనిపించింది. ఘటం ఉన్న మనిషి మాట్లాడకూడదు. మాట్లాడలేదు. బొట్టు పెట్టి, పక్కింటికి కదిలింది.

పొద్దు వాలుతుండగా ఘటం దింపారు. నాంచారమ్మ భవాని ఇచ్చిన నీళ్లు అందుకోలేదు.

"నా సేత్తో ఆ బొట్టెట్టించినావు కదే" అంది. "మరింక నా తల మీదకి ఘటం రాదు." అంతే, రాతికేసి తిరిగి కూర్చుంది.

భవాని సర్పంచి దగ్గరికి నడిచింది. ఉయ్యాల తిరుగుతోంది, మైకులో ఎవరో పాడుతున్నారు. ఆమె చెప్పింది విని బిసాహూకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు.

"పొద్దున్న నుంచా? మనిషిని ఇంట్లో పెట్టుకునా?" అన్నాడు. "నాకెందుకు చెప్పలేదు నోనీ? ఆపేసేవాణ్ణి కదా. మా ఇళ్లల్లో మాత్రం చావులుండవా? మడయీదేముంది, మళ్లీ పెట్టుకునేవాళ్లం."

"జిమ్మేదారీ నాదన్నాను" అంది భవాని. ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేదని అప్పుడు తెలిసింది. ఎన్నేళ్లున్నా పరాయివాళ్లమే అన్న భయంతో, తనవాళ్లనుకున్నవాళ్లని అడగనేలేదు.

బిసాహూ తనే వెళ్లి మైకు అందుకుని, "బస్తీలో పెద్దమనిషి పోయాడు. అందరూ నిశ్శబ్దంగా ఉండండి" అన్నాడు. పాట ఆగింది. డోళ్లు ఆగాయి. ఉయ్యాల ఆగింది. దుకాణాలవాళ్లు దీపాలు తగ్గించారు. ఊరి మగవాళ్లు పాగాలు తీసి పార్వతమ్మ ఇంటి ముందు నిలబడ్డారు. ఒక ఆంధ్రావాడి గుమ్మం ముందు ఆ ఊరు అలా నిలబడటం అదే మొదలు.

భవాని లోపలికి వెళ్లింది. పార్వతమ్మ పొద్దున్న కూర్చున్న చోటే ఉంది. డప్పు తీసి పాపయ్య పక్కన పెట్టింది.

"అత్తా, అంతా ఆపించీసినాను" అంది భవాని. "అందరూ వొచ్చి బయట ఉన్నారు. ఏడువత్తా. ఇంక ఏడువు."

పార్వతమ్మ తలెత్తింది. నుదుటి మీద నాంచారమ్మ పెట్టిన బొట్టు ఎర్రగా ఉంది.

"పొద్దున్నొచ్చింది అమ్మీ" అంది నెమ్మదిగా. "మింగీమన్నావు, మింగీసినాను. ఇప్పుడు రమ్మంటే రాటం లేదు. ఇందాకట్నుంచి సూస్తన్నాను, వొస్తాదేమోనని." డప్పు మీది దుమ్ము చెంగుతో తుడిచింది. "మీ పంచాయితీలో అడిగి నాకూ ఓ రోజు కట్టించు. ఆ రోజు ఏడుస్తాను."

దెప్పినట్టు అన్నా భవాని భరించేది. పార్వతమ్మ దెప్పలేదు. బోరింగు బాగు చేయించమని అడిగినంత మామూలుగా అడిగింది.

బయట అంతమందీ ఆ ఇంట్లోంచి లేవాల్సిన ఏడుపు కోసం చెవులు రిక్కించి నిలబడ్డారు. ఏడుపు లేచేదాకా శవాన్ని ఎత్తరు బస్తీవాళ్లు. మోసేవాళ్లు భుజాల మీద తువ్వాళ్లతో చాలాసేపు కాచుకున్నారు. భవాని తనే గుండెలు బాదుకుని ఏడ్చింది. అది ఇంటివాళ్ల ఏడుపు కాదు కనక లెక్కలోకి రాలేదు. ఆఖరికి చీకటి పడుతోందని, ఏడుపు లేకుండానే పాపయ్యని తీసుకుపోయారు. డప్పు కూడా వెంట పంపించింది పార్వతమ్మ.

పంచాయితీ అన్న మాట తప్పలేదు. ఎండలు రాకముందే మైదానానికి దీపాలు వచ్చాయి. మరుసటి మాఘం రాబోతుండగా చుట్టుపక్కల ఊళ్లవాళ్లు, దుకాణాలవాళ్లు, మళ్లీ ఎప్పుడని తమంతట తామే అడిగారు. బిసాహూ భవాని ఇంటికే వచ్చాడు. "ఈసారి రోజు మీ అత్తగారే చెప్పాలి నోనీ. ఎల్లుండి అంటే ఎల్లుండే. అందరినీ నేను సముదాయిస్తాను" అన్నాడు.

నాంచారమ్మ వసారాలో కూర్చుని అంతా విని, కోడలికేసి చూడకుండా తెలుగులో జవాబు చెప్పింది. "పార్వతింట్లో ఏడుపు లెగనేదు. మైల మొదలు కానేదు. మొదలవనిది తీరీదెప్పుడో నానేటి సెప్పను? అది తీరీదాకా ఎర్రమ్మకి సంబరం నేదు."

ఆ తీర్పుని బిసాహూకి హిందీలో ఎలా చెప్పాలో భవానికి తెలియలేదు. ఈ ఏడు కుదరదని మాత్రం చెప్పింది.

ఆ మరుసటేడూ కుదరలేదు. పంచాయితీ వేసిన దీపాల కింద ఖాళీ మైదానం రోజూ సాయంత్రం వెలుగుతుంది, గొడ్లు పడుకుంటాయి. ఇప్పుడు ప్రతి పొద్దునా బస్తీ చుట్టూ తిరిగేది నాంచారమ్మ కాదు, భవాని. పార్వతమ్మ గుమ్మం దగ్గర ఆగి, ఊపిరి బిగబట్టి వింటుంది. లోపల చీపురు చప్పుడు వినిపిస్తుంది, పొయ్యి మీద గిన్నె చప్పుడు వినిపిస్తుంది. కాసేపు నిలబడి ఇంటికి వచ్చేస్తుంది.